చివరి ఫారం చూసి కొను

అమ్మాయీ,

పాత డిటెక్టివ్ నవలల కోసం గుంటూరు నుంచి బెజవాడ వస్తానన్నావుగా. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుకి పోగానే "యుగంధర్ ఉన్నాడా?" అని అడగకు. యుగంధర్ ఆయన నవలల్లోని డిటెక్టివ్; కొమ్మూరి సాంబశివరావు అనే ఆ రచయిత పేరెత్తితే చాలు, ధర లేస్తుంది. ముందు వేరే పుస్తకమేదో చేతిలోకి తీసుకుని, పోతూ పోతూ అడిగినట్టు అడుగు.

వేరే నవలకి చివరి పేజీ చిరిగితే ఏదో ఊహించుకుని సరిపెట్టుకోవచ్చు. దీనికి కుదరదు, అంతవరకూ దాచిందంతా తేలేది అక్కడే. అందుకని చివరి పుటని అరచేత్తో మూసి, అంకె, "సమాప్తం" మాత్రం చూడు. తర్వాత పేజీ అంకెలు తిప్పు. ఫారమంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట, దానికి సాధారణంగా 16 పేజీలు. 48 తర్వాత 65 వస్తే ఒక ఫారం పోయినట్టు. ఒక్కోసారి 33 నుంచి 48 దాకా రెండుసార్లు కుట్టి, తర్వాతి ఫారం ఎగ్గొడతారు. లావు మాత్రం సరిగ్గానే ఉంటుంది! వారపత్రికల్లోంచి చించి బైండు చేసిన సీరియలైతే వారాలు లెక్కపెట్టు, ఎక్కువగా పోయేది ఆఖరి వారమే. అద్దె పుస్తకాల షాపు ముద్ర ఉంటే మొదటి పేజీ నువ్వు తెరవకు, పక్కనున్నవాళ్లని చూడమను. హంతకుడి పేరు పెన్నుతో రాసిపెట్టే పుణ్యాత్ములు ఆ రోజుల్లోనూ ఉన్నారు.

ఇంటికి తెచ్చాక తుప్పు పిన్నులు మెల్లగా పీకి, అవే చిల్లుల్లోంచి నూలుదారంతో కుట్టు. సెలోటేప్ వద్దు, దాని జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. బూజు వాసనొస్తే నీడలో, గాలికి ఆరబెట్టు. ఎండలో పెడితే ఆ చవక కాగితం ఇంకా ఎర్రబడి పెళుసెక్కుతుంది.

ఇక చదవడం. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత (పాదిరీ కూడా లే) ఈ కథలకి పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనపడాలి; డిటెక్టివుకి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలి. అందరూ పాటించారని కాదు, పాటించిన కథలే ఇప్పటికీ రెండోసారి చదివిస్తాయి. ఆధారం తరచూ సామాన్ల జాబితా మధ్యలో ఉంటుంది: యాష్‌ట్రే, ఆగిపోయిన గడియారం, సగం తాగిన కాఫీ, చిరిగిన ఉత్తరం. నువ్వు గడియారం దగ్గర ఆగిపోతావు. కాఫీ ముట్టనని ముందే చెప్పిన మనిషి గదిలో ఆ కప్పెందుకుందో అడగవు.

డిటెక్టివు అందరినీ హాల్లోకి పిలిచే చోట పుస్తకం మూసెయ్. హంతకుడెవరో, ఎందుకనుకుంటున్నావో మూడు కారణాలు చీటీ మీద రాసి, తేదీ వెయ్యి. తప్పయినా చింపెయ్యకు. చివరి అట్ట లోపలే ఉంచు, తర్వాత చదివేవాళ్లకి ముందే కనపడకుండా.

ఇట్లు,
మీ పెదనాన్న