పెద్ద ల్యాబ్ ఇంటర్వ్యూలో టీమ్‌వర్క్ గురించి అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌కి ఇంటర్వ్యూ ఉంది. టీమ్‌వర్క్ గురించి తప్పకుండా అడుగుతారట. ఫ్రెషర్‌ని, ఏం చెప్పాలి?

జవాబు: మొదట చౌటుప్పల్ దగ్గర, తర్వాత జడ్చర్ల వైపు, నా ఉద్యోగమంతా క్యూసీలోనే. ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. "ఐ యామ్ ఎ గుడ్ టీమ్ ప్లేయర్ సర్" అన్న మాట మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి. పొద్దుటి నుంచి అదే విని మా చెవులు చిల్లులు పడి ఉంటాయి.

పెద్ద ల్యాబ్‌లో మీ టీమ్‌లో సగం మంది మీకు కనబడనే కనబడరు. బి షిఫ్ట్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏవి ఎంతెంత ఉన్నాయో విడదీసి చూపే యంత్రం) మీద సీక్వెన్స్, అంటే వరసగా నడవాల్సిన శాంపిళ్ల జాబితా, పెట్టి మీరు కంపెనీ బస్సెక్కుతారు. అది తెల్లారేదాకా నడుస్తుంది. మధ్యలో మొబైల్ ఫేజ్ (యంత్రంలో పారే ద్రావణం) అయిపోవస్తే చూసుకోవాల్సింది సి షిఫ్ట్ వాళ్లు. సీసా మీద లేబుల్ ఉందా, ఎప్పుడు తయారుచేశారు, ఎప్పటిదాకా వాడొచ్చు, కాలమ్ (శాంపిల్‌ని విడదీసే గొట్టం) నంబరు లాగ్‌బుక్‌లో ఎక్కిందా? ఇవన్నీ రాసిపెట్టి పోయారంటే మీరు మంచి టీమ్ మనిషే. లేదంటే ఎంత కలుపుగోలుగా ఉన్నా లాభం లేదు. అందుకే, మీరు చేసిన పనిని ఇంకొకరు అందుకున్న సంగతి ఏదైనా ఒకటి చెప్పండి.

ఫ్రెషర్‌కి అలాంటివి ఎక్కడివి అంటారా? అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి తన కాలేజీ ల్యాబ్ గురించే చెప్పింది. బ్యాచ్ మొత్తానికి ఒకటే థయోసల్ఫేట్ ద్రావణం. ఒకరోజు ఎవరి బ్యూరెట్ రీడింగూ సరిగ్గా రావట్లేదు. ఎవరు కలిపారని వాదులాట. ఈ అమ్మాయి డైక్రోమేట్‌తో మళ్లీ స్టాండర్డైజ్ చేసి (అసలు గాఢత తేల్చి), కొత్త నార్మాలిటీ, తేదీ, తన పేరు చీటీ మీద రాసి సీసాకు అంటించిందట. "అంతా మీరే చేశారా?" అని అడిగాం. "తూకం మా ఫ్రెండ్ వేసింది సర్, టైట్రేషన్ నేను చేశాను" అంది. ఎవరి పని ఎంతో అంత తేటగా చెప్పాక ఇంకేం అడుగుతాం?

అసలు మెలిక ఉన్న ప్రశ్న వేరే ఉంటుంది. "మీ తోటి అనలిస్ట్ 'అన్నా, జర నా లాగిన్‌తో రన్ పెట్టు, తిని వస్తా' అంటే పెడతారా?" సాయం చేసే గుణం చూపిద్దామని చాలామంది "పెడతాను సర్" అనేస్తారు. అక్కడే పోయింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన, 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11, 1997 నుంచీ ఉంది. ఏ పని ఎవరు చేశారో ఆడిట్ ట్రెయిల్‌లో (కంప్యూటర్ దానంతటదే రాసుకునే చిట్టాలో) వాళ్ల పేరు మీదే ఉండాలి. "అతని లాగిన్ వాడను, ఇన్‌చార్జ్‌కి చెప్పి నా లాగిన్‌తో పెడతాను" అనండి.

రిజల్ట్ స్పెసిఫికేషన్ (ఉండాల్సిన హద్దు) దాటినప్పుడు "మళ్లీ ఇంజెక్ట్ చేయి, ఎవరికీ చెప్పకు" అనే సీనియర్ గురించీ అడగొచ్చు. శాంపిల్ ద్రావణాలు పారబోయకుండా ఉంచి వెంటనే ఇన్‌చార్జ్‌కి చెప్పడమే జవాబు. 2006 నాటి ఎఫ్‌డీఏ మార్గదర్శకం (2022లో సవరించారు) చెప్పేదీ అదే. ఆ సీనియర్‌ని తిట్టాల్సిన పనిలేదు.

గొడవల ప్రశ్నకు చిన్నదేదో చెప్పి ఊరుకోండి. గైడ్ సార్ మీద చాడీలు మాత్రం వద్దు. ఇంగ్లిష్ తడబడితే తెలుగులో చెప్పండి, మావైపు ప్యానెల్‌లో చాలామందిమి తెలుగు మీడియం వాళ్లమే.

ప్రాజెక్టు గ్రూపుగా చేసుంటే, హెచ్‌పీఎల్‌సీ మీ చేత్తో నడిపారా, పక్కన నిలబడి చూశారా అన్నది మేం అడగకముందే చెప్పేయండి. నడిపానంటే మాత్రం కాలమ్ పొడవు, పార్టికల్ సైజు (కాలమ్ లోపల నింపిన రేణువుల సైజు) చూసుకుని రండి. చాలామంది కాలమ్ రకం చెప్పి, "సీ18 సర్" దగ్గరే ఆగిపోతారు.