కనిపించే పేరు ఒకటే, ట్యాబ్‌కు మాత్రం వేరు

ప్రశ్న: నేను లైనక్స్‌లో కమాండ్లు టైపు చేసే షెల్ అయిన బ్యాష్ వాడుతున్నాను. పాత మ్యాక్ డిస్కు నుంచి తెచ్చుకున్న ఫోల్డర్‌లో ‘వైద్య నివేదికలు’ అనే ఫైలు ఉంది. ‘వై’ అని టైపు చేసి ట్యాబ్ నొక్కితే ఏమీ రావడం లేదు. ‘వ’ మాత్రమే కొట్టి నొక్కితే పేరంతా వస్తోంది. అక్కడే హైఫన్‌తో మొదలయ్యే మరో ఫైలును తొలగించబోతే, అలాంటి ఆప్షన్ లేదంటూ ఆర్‌ఎం కమాండ్ నిరాకరిస్తోంది. పేరును కోట్స్‌లో పెట్టినా అంతే. కారణమేమిటి?

జవాబు: మొదటి చిక్కు మన ఐత్వంలోనే ఉంది. దానిని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వాన్నీ దాని కింది తోకనూ రెండు సంకేతాలుగా విడదీసి రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. తెరమీద తేడా తెలియదు గానీ, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటి రూపం 3 బైట్లు, రెండవది 6 బైట్లు. మ్యాక్‌లో మునుపటి ఫైల్ సిస్టమ్ అయిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలో దాచేది, మీ కీబోర్డు కలిపిన రూపాన్ని పంపుతోంది. బ్యాష్‌లో ట్యాబ్ పని చూసే రీడ్‌లైన్ లైబ్రరీ, మీరు కొట్టిన బైట్లతోనే మొదలయ్యే పేరు ఉందా అని వెతుకుతుంది కనుక, ‘వ’ దగ్గర దొరికిన ఫైలు ‘వై’ దగ్గరికి వచ్చేసరికి తప్పిపోతోంది.

తెలుగు పేర్లలో ఇంతకన్నా తంటా పెట్టేది జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే ఈ సంకేతం పేరు చివర చేరితే కంటికి కనిపించనే కనిపించదు. అది ఉన్న ఫైలూ లేని ఫైలూ ఒకేచోట ఉంటే, రెండుసార్లు ట్యాబ్ నొక్కినప్పుడు జాబితాలో అచ్చంగా ఒకే పేరు రెండుసార్లు వస్తుంది. అనుమానం కలిగినప్పుడు, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఫలితాన్ని పైపు ద్వారా ఓడీ కమాండ్‌కు పంపి బైట్లను చూడండి. వీలైనన్ని తక్కువ అక్షరాలు కొట్టి మిగతాది ట్యాబ్‌కే వదిలివేయడం మేలు; మనం టైపు చేయలేని సంకేతాలను కూడా అది ఉన్నవున్నట్లు తెచ్చిపెడుతుంది. ఆపైన ఎంవీ కమాండ్‌తో పేరు మార్చుకోవచ్చు.

హైఫన్ సంగతి తేలిక. ఖాళీ, కుండలీకరణం, డాలర్ గుర్తు వంటివి షెల్‌కు ప్రత్యేకమైనవి కాబట్టి ట్యాబ్ వాటి ముందు బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది. హైఫన్ షెల్‌కు మామూలు అక్షరమే. దానిని ఆప్షన్‌గా చదువుకునేది ఆర్‌ఎం. కోట్స్‌ను షెల్ ముందే తీసేసి పేరును అందిస్తుంది కనుక అవి ఉన్నా లేనట్లే. పేరుకు ముందు ./ చేర్చి ట్యాబ్ నొక్కండి. ఆప్షన్లు ఇక్కడితో ముగిశాయని తెలిపే -- గుర్తును కూడా చాలా కమాండ్లు గౌరవిస్తాయి గానీ, కమాండ్ ఏదైనా చెల్లేది ./ పద్ధతే.

ఏ రకంగానూ టైపు చేయలేని పేరు ఎదురైతే, ఎల్‌ఎస్ -ఐ చూపే ఐనోడ్ సంఖ్యను (ప్రతి ఫైలుకూ ఫైల్ సిస్టమ్ ఇచ్చే అంకెను) ఫైండ్ కమాండ్‌కు -ఐనమ్ ఆప్షన్‌తో ఇవ్వవచ్చు. తొలగించే ఆప్షన్‌ను మాత్రం, దొరికినది ఆ ఒక్క ఫైలేనని చూసుకున్నాకే చేర్చండి.