ట్యాంకుకి రంగు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో ఓవర్‌హెడ్ ట్యాంకు రంగుల పని నీకు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. నా సర్వీసంతా వాటర్ సెక్షన్‌లోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. టెండరులో పెయింటింగ్ అని ఉంది కదా అని డబ్బాల లెక్కతో మొదలెట్టకు. ట్యాంకుకి రంగు వేయడం ఆఖరి పని. డబ్బూ రోజులూ తినేది గీకుడూ, మరమ్మతూ.

అదను చూసుకో. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఎండలు ముదిరాక ట్యాంకు ఖాళీ చేస్తానంటే బిందెలతో రోడ్డెక్కుతారు. అరసవల్లి రథసప్తమి జనం వెళ్ళాక మొదలెట్టి, మార్చి ఆఖరుకి పరంజా దింపెయ్.

ట్యాంకు కింద తేనెపట్లుంటే కర్రలు కట్టకముందే తీయించు. పొగ పెట్టేద్దామని కుర్రాళ్ళు ఉషారుపడతారు గానీ, పరంజా మీదున్నవాడికి పరిగెత్తే దారేదీ?

తర్వాత నువ్వూ మేస్త్రీ చిన్న సుత్తి పట్టుకుని స్తంభాలు, దూలాలు, ట్యాంకు అడుగు అన్నీ తట్టి చూడండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. డొల్లగా పలికితే లోపల రాడ్డు తుప్పు పట్టిందేమో అనుమానించాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. అలాంటి చోటల్లా సుద్దతో గుండ్రం చుట్టు. సిమెంటు పూసి మూసేద్దామని మేస్త్రీ అంటాడు, వినకు. వదులైనదంతా రాలగొట్టి, రాడ్డు వెనకాల వేలు దూరేలా చెక్కించు. వైరుబ్రష్‌తో మెరిసేదాకా తోమి, జింక్ ప్రైమరు వేసి, ఆపైన పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక ముద్ద) పట్టించు. రాడ్డు బాగా సన్నబడిపోయుంటే నువ్వు చెయ్యి పెట్టకు, ఇంజనీరుగారికి కాగితం రాసివ్వు. ప్రతి గుండ్రానికీ ఫోటో ఉండాలి. రంగు పడ్డాక మరమ్మతు ఎవరికీ కనబడదు, బిల్లు దగ్గర మాత్రం అందరూ అడుగుతారు.

మనుషులకి నడుం బెల్టు చాలదు, ఒళ్ళంతా పట్టే హార్నెస్ కావాలి. దాని తాడు పరంజాకి కట్టనివ్వకు. పరంజా కూలితే మనిషి కూడా దాంతోపాటే వస్తాడు. ట్యాంకుకే విడిగా కట్టించు. ఇనప నిచ్చెన మీద పాత రంగుంటే తడిపి గీకించు, కింద పట్టా పరిపించు. ఇళ్ళకి వేసే ఇప్పటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదని రూలుంది గానీ, ఆ రోజుల్లో ఏం పూశారో ఎవరు చూశారు?

లోపల మామూలు ఎనామిల్ పనికిరాదు. తాగేనీటికి సరిపడే ఎపాక్సీయే (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పూత) వాడు, సర్టిఫికెట్ అడిగి తీసుకో. బ్లోయరు తిరగకుండా, మూత దగ్గర ఒక మనిషి కాపలా లేకుండా ఎవర్నీ లోపలికి దింపకు. ఆ వాసనకి కళ్ళు తిరిగి పడిపోతే పైకి తీయడం చాలా కష్టం. ఎపాక్సీ చేతికి అంటట్లేదని నీళ్ళు పెట్టేయకు, కంపెనీ చెప్పినన్ని రోజులూ ఆగు. తర్వాత బ్లీచింగు. లక్ష లీటర్లకి 50 పీపీఎం రావాలంటే 5 కిలోల క్లోరిన్ కావాలి. పౌడరులో 25 శాతం ఉంటే అది 20 కిలోలు. పాత బస్తాలో అంత బలముండదు, కొత్తది తెప్పించు. ఒకరోజు నిలవుంచి పారబోయించు. చెరువులోకి మాత్రం వదలకు, చేపలు చస్తాయి. మళ్ళీ నింపి, నీటి పరీక్ష రిపోర్టు వచ్చాకే ఊళ్ళోకి వదలాలి.

రంగు తెలుపో లేత నీలమో చాలు. ఎవరైనా వచ్చి తమ పార్టీ రంగు వేయమంటే నవ్వి ఊరుకో. పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వేసినవాళ్ళే మళ్ళీ మార్చాల్సొచ్చింది.

నీళ్ళు రాని రోజులేవో వార్డుల్లో ముందే చాటించు, ట్యాంకర్లు మాట్లాడిపెట్టు. ఓవర్‌ఫ్లో పైపుకి దోమల జాలీ, పైమూతకి తాళం ఎస్టిమేటులో లేకపోయినా వేయించు, పెద్ద ఖర్చు కాదు. తాళంచెవి ఒకటి పంపు ఆపరేటరు దగ్గర ఉండాలి.

ఇట్లు,
మావయ్య, విజయనగరం