అపస్మారకమా, అచేతనమా, ఉపచేతనా?

సందేహం: నర్సింగ్ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మీద తెలుగులో వచ్చిన ఒక వ్యాసం ఈమధ్య క్లాసులో చదివించాను. ‘మనిషి అపస్మారక స్థితిలోంచి కలలు పుడతాయని ఫ్రాయిడ్ చెప్పాడు’ అని అందులో ఉంది. కింద ఒకచోట ఉపచేతన అన్నారు, మరోచోట సుప్తచేతన, ఇంకోచోట అంతశ్చేతన. ఆయన పుస్తకం పేరేమో ‘స్వప్నఫలాలు’ అని రాశారు. ‘ఇవన్నీ ఒకటేనా మేడమ్?’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఇంకోటి, ‘కల వచ్చింది’ అనాలా, ‘కల కన్నాను’ అనాలా?

సమాధానం: ఒకటి కావండీ. అన్నిటికన్నా ముందు ‘అపస్మారక స్థితి’ని ఆ వాక్యంలోంచి కొట్టేయించండి. మీ విద్యార్థులు రేపు వార్డులో ఆ మాటను దాని అసలు అర్థంలో వాడాల్సినవాళ్లు. అపస్మారం అంటే స్మృతి తప్పడం. ఆయుర్వేదంలో అది మూర్ఛవ్యాధి పేరు. ఇప్పటి వాడుకలో అపస్మారక స్థితి అంటే పిలిచినా పలకని, స్పృహ లేని స్థితి. ‘తలకు దెబ్బ తగిలి అపస్మారక స్థితిలో ఉన్నాడు’ అంటాం. స్పృహ తప్పడాన్నీ, మనసులో మనకే తెలియని భాగాన్నీ ఇంగ్లీషు ‘అన్‌కాన్షస్’ అనే ఒకే మాటతో చెబుతుంది. డిక్షనరీలో మొదట కనిపించిన అర్థాన్ని ఎత్తి రాసేస్తే ఇలాంటి వాక్యాలే తయారవుతాయి. ఫ్రాయిడ్ చెప్పిన మనసు స్పృహ తప్పి పడి ఉండేది కాదు. మనం మెలకువగా ఉండి, కాఫీ తాగుతూ, నలుగురితో కబుర్లాడుతున్నప్పుడు కూడా అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆ పని మన ఎరుకలోకి రాదు, అంతే.

‘సుప్తచేతన’తోనూ ఇదే చిక్కు. సుప్తం అంటే నిద్రపోయినది. కల వచ్చేటప్పుడు నిద్రపోతున్నది మనిషి, మనసులోని ఆ భాగం కాదు. పైగా మాండూక్యోపనిషత్తు ప్రకారం సుషుప్తి అంటే కలలే లేని గాఢనిద్ర. ‘అంతశ్చేతన’ సాహిత్య విమర్శలో స్థిరపడిన మాట, వినడానికీ బాగుంటుంది. కానీ అంతరాత్మ, అంతర్దృష్టి లాంటివన్నీ అందులో కలిసిపోతాయి. కవిత్వం గురించి రాసేటప్పుడు ఉంచుకోండి, పాఠంలో వద్దు.

‘ఉపచేతన’ దగ్గర కాస్త ఆగాలి. ‘ఉప’ అంటే దగ్గర, పక్కన. ఉపనగరం నగరాన్ని ఆనుకుని ఉంటుంది. అలాగే ఉపచేతన ఎరుకను ఆనుకుని ఉన్నది. ఫ్రాయిడ్ అలాంటి భాగం ఒకటి ఉందనే చెప్పాడు. మొన్న పెళ్లిలో కలిసిన చుట్టం పేరు ఈ క్షణాన మనసులో లేదు, కాస్త ఆలోచిస్తే గుర్తొస్తుంది. అది ఈ కోవలోది. చేతన, ఉపచేతన, అచేతన అని మూడంచెలుగా పాఠం చెప్పేటప్పుడు నడిమిది ఇదే. ఎంత గింజుకున్నా గుర్తురానిది, గుర్తురానివ్వకుండా మనసే అడ్డుపడేది మూడోది. ఈ రెంటినీ కలిపేసి ఉపచేతన అంటే ఆయన సిద్ధాంతంలో అసలు సంగతే పోతుంది. కొందరు ‘అవచేతన’ అంటారు, ఎరుకకు అడుగున ఉన్నదని. ఇంగ్లీషులో సబ్‌కాన్షస్ అనే మాటకు అది సరిపోతుంది. కానీ ఆ సబ్‌కాన్షస్‌నే ఫ్రాయిడ్ ఒప్పుకోలేదు. ఎరుకకు కింద ఉన్నదని చెబుతున్నారో, మనలోనే ఇంకో ఎరుక ఉందని చెబుతున్నారో ఆ మాటతో తేలదని 1926లో రాశాడు.

ఇక మిగిలింది ‘అచేతన’. దీనిమీదా ఒక అభ్యంతరం ఉంది. చేతనాచేతనాలు అన్నప్పుడు అచేతనం అంటే రాయీ రప్పా కదా, మనసును రాయి అంటామా అని. దానికి వ్యాకరణంలోనే జవాబుంది. మాటకు ముందు చేరే ఈ ‘అ’కు, అంటే నఞ్‌కు, సంస్కృత వైయాకరణులు ఆరు అర్థాలు చెప్పారు: సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం. లేకపోవడం అనేది ఆరింటిలో ఒకటి మాత్రమే. అధర్మం అంటే ధర్మం లేకపోవడంతో సరిపోదు, అది ధర్మానికి ఎదురు నిలుస్తుంది. రాయిని అచేతనం అన్నప్పుడు ‘అ’కు అర్థం అభావం. మనసులో ఒక భాగాన్ని అచేతనం అన్నప్పుడు అన్యత్వం, దానితోపాటు కొంత విరోధం కూడా. ఎరుకకు వేరైనది, ఎరుకతో పేచీ పడేది అని. అచేతనానికి ఫ్రాయిడ్ జర్మన్‌లో వాడిన ‘ఉన్‌బెవుస్ట్’ అనే మాటలో ‘ఉన్’ చేసే పనీ ఇదే. 1919లో ‘ఉన్‌హైమ్‌లిహ్’ అనే ఇంకో జర్మన్ మాట గురించి, అంటే గుబులు పుట్టించేదాని గురించి రాస్తూ, అందులోని ‘ఉన్’ అణచివేతకు గుర్తు అన్నాడు. నఞర్థాలు చదువుకున్నవాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగకుండా ఉండలేరు. కాదు అని చెప్పే చిన్న అక్షరం ఇక్కడ ఏదో తొక్కిపెట్టారని కూడా చెబుతోందని ఒక వైద్యుడు కనిపెట్టాడు!

1925లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఒకటి పూర్తిగా ఈ ‘కాదు’ గురించే. ఒక రోగి కల చెబుతాడు. ‘కలలో కనిపించిన ఆ మనిషి ఎవరని అడుగుతారు కదా. మా అమ్మ మాత్రం కాదు’ అంటాడు. అమ్మ పేరు ఇంకెవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తానే ఎత్తి, తానే కాదన్నాడు. అయితే ఆమె తల్లే అని ఫ్రాయిడ్ తీర్మానించాడు. మరుగున పడ్డ తలపు ఎరుకలోకి రావాలంటే ‘కాదు’ అనే ముసుగు వేసుకుని రావచ్చు. ఇది క్లాసులో చెప్పి చూడండి. అచేతన మనసు అంటే ఏమిటో నిర్వచనాలకన్నా తొందరగా పట్టుబడుతుంది. రాసేటప్పుడు వట్టి ‘అచేతనం’ అనకుండా ‘అచేతన మనసు’ అని రాయించండి. అప్పుడు రాయీ రప్పా ఎవరికీ గుర్తురావు.

పుస్తకం పేరు సంగతి. అది 1899 నవంబరులో బయటికొచ్చింది, లోపల మాత్రం 1900 అని వేశారు. వేసిన 600 ప్రతులు చెల్లడానికి ఎనిమిదేళ్లు పట్టింది. దాన్ని ‘స్వప్నఫలాలు’ అనడం నాకు బాధ కలిగిస్తుంది. ఫలం ఎప్పుడూ రేపటిది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటాం చూడండి, అదీ స్వప్నఫలం. ఫ్రాయిడ్ చూపు నిన్నటిమీద, తీరని కోరికమీద. ఆయన చిన్నకూతురు అన్నాకు 19 నెలల వయసులో ఒక పొద్దున వాంతులయ్యాయి. ఆ రోజంతా తిండి పెట్టలేదు. స్ట్రాబెర్రీలు తినడంవల్లే ఇలా అయిందని ఆయా అంది. ఆ రాత్రి పాప నిద్రలో తన పేరు తానే చెప్పుకుని, స్ట్రాబెర్రీలు, అడవి స్ట్రాబెర్రీలు, ఆమ్లెట్, జావ అంటూ కలవరించింది. వద్దన్న పండునే రెండు రకాలుగా అడిగింది. అవన్నీ నావే అనడానికే తన పేరు ముందు చేర్చుకుందంటాడు తండ్రి. ఈ కలకు ఫలం ఏం చెబుతాం? అర్థమైతే చెప్పగలం. (‘నిద్రలో మాట్లాడటం’ అని కొత్తగా కట్టక్కర్లేదు. మనకు కలవరింత ఉంది, పలవరింత ఉంది. మనసు ఆందోళన పడితే కలవరం అంటాం కూడా.)

అందుకని ‘కలల వ్యాఖ్యానం’ అనండి. వ్యాఖ్యానంలో ప్రతిపదార్థం ఉంటుంది. ఆయన చేసిందీ అదే. కలను మొత్తంగా పట్టుకోకుండా ముక్కముక్కకూ, కలగన్న మనిషికి ఏం తోస్తే అది చెప్పమన్నాడు. ఆయన మెచ్చుకున్న పాతకాలపు వ్యాఖ్యానం ఒకటి ఉంది. అలెగ్జాండర్ టైర్ నగరాన్ని ముట్టడించాడు. అది ఎంతకీ లొంగక విసిగిపోయాడు. ఒక రాత్రి కలలో తన డాలు మీద ‘సాటిరోస్’, అంటే సగం మనిషి సగం మేక రూపంలో ఉండే వనదేవత, నాట్యమాడటం చూశాడు. అతని వెంట ఉన్న జోస్యుడు అరిస్టాండర్ ఆ మాటను ‘సా టిరోస్’ అని విరిచాడు. గ్రీకులో ‘టైర్ నీదే’ అని. క్రీ.పూ. 332లో నగరం అతని వశమైంది. మాటను విరిచి రెండో అర్థం తీయడాన్ని మన అలంకారికులైతే సభంగశ్లేష అంటారు. కలలో శ్లేష ఉందంటే ఆ కల గ్రీకు తెలిసినవాడికే రావాలి, గ్రీకులోనే విప్పాలి. ఏ భాష కలలు ఆ భాషవే అని హంగేరీ మనోవిశ్లేషకుడు ఫెరెంజి అన్న మాటను ఫ్రాయిడ్ అందుకే ఒప్పుకున్నాడు. రేపు మీ విద్యార్థులు ఎవరి కలనైనా రాసుకోవాల్సి వస్తే చెప్పినవాళ్ల యాసలోనే, ఉన్నదున్నట్టు రాసుకోమనండి.

‘కల వచ్చింది’, ‘కల కన్నాను’ రెండూ తప్పు కావు. ‘కను’ అంటే చూడటం, కావ్యాల్లో ‘కలగంటి’ అన్నదీ ఆ అర్థంలోనే. కానీ ఇప్పుడు ‘కలలు కన్నాను’ అంటే ఆశపడ్డాను అనే అర్థం ముందుకొస్తోంది. ‘డాక్టర్ కావాలని కలలు కన్నాడు’ అంటాం. రాత్రి వచ్చినదాన్ని చెప్పేటప్పుడు ‘నాకు కల వచ్చింది’, ‘కలలో మా నాన్న కనిపించారు’ అనే రాయండి. ‘నేను మా నాన్న గురించి కల కన్నాను’ అన్నది ఇంగ్లీషు కట్టు. కలను మనం పని పెట్టుకుని తెచ్చుకోం, అదే వస్తుంది.