లాలాజల గ్రంథి గడ్డ క్యాన్సర్‌గా మారిందో లేదో మార్కర్ పరీక్షలు చెప్పగలవా?

మీ నాన్నగారి చెవి కింద ఏళ్ల తరబడి ఉన్న గడ్డను తీసేశారని, రిపోర్టులో ప్లియోమార్ఫిక్ అడినోమా (లాలాజల గ్రంథిలో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ) అని రాసి పక్కనే కి-67 కొంచెం ఎక్కువగా ఉందన్నారని, అది క్యాన్సర్‌గా మారిందనడానికి ఆ అంకె చాలుతుందా అని అడిగారు. ఇలాంటి స్లైడ్లు చూసే పాథాలజిస్టుగా నా సమాధానం: చాలదు.

మార్కర్ అంటే కణాల్లోని ఒక ప్రోటీన్‌ను రంగుతో చూపే పరీక్ష. విభజన చెందుతున్న కణాలెన్నో చెప్పే మార్కర్ కి-67. మామూలు అడినోమాలో ఇది సాధారణంగా తక్కువే ఉంటుంది కనుక పెరిగితే అనుమానించవలసిందే. అయితే సూది పరీక్ష చేసిన చోట కణజాలం మానుతున్నప్పుడు కూడా పెరగవచ్చు. పి53 అనే ప్రోటీన్ విస్తారంగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది, కనిపించనంత మాత్రాన క్యాన్సర్ లేదనలేము. పీఎల్ఏజీ1, హెచ్ఎంజీఏ2 జన్యువుల మార్పులు అడినోమాలోనూ, దాని నుంచి పుట్టిన క్యాన్సర్‌లోనూ ఉంటాయి కాబట్టి అవి గడ్డ మూలాన్నే చెబుతాయి.

నేను చూసిన ఒక గడ్డను కోసినప్పుడు లోపల తెల్లగా, మచ్చ కట్టినట్టు గట్టిపడిన భాగం ఉంది. అక్కడి నుంచి అదనంగా ముక్కలు తీయించి చూస్తే, నాళాల లోపలి వరుసలో పెద్ద కేంద్రకాలున్న కణాలు చేరి ఉన్నాయి. ఆండ్రోజన్ (పురుష హార్మోన్) రిసెప్టర్ మార్కర్ వేయగా ఆ కేంద్రకాలు ముదురు గోధుమరంగుకు వచ్చాయి, చుట్టూ ఉన్న అడినోమా కణాలు రంగు పట్టలేదు. పి63 అనే మరో మార్కర్ మాత్రం ఆ నాళాల వెలుపలి వరుసను తెగని వలయంలా చూపించింది. అంటే క్యాన్సర్ మొదలైంది గానీ నాళం గోడ దాటలేదు. మార్కర్లు ఇంత స్పష్టంగా మాట్లాడాయంటే సరైన చోట వేయడం వల్లనే. వేరే ముక్క మీద వేసి ఉంటే అవే పరీక్షలు మౌనంగా ఉండేవి. ఇలా మారే క్యాన్సర్లన్నీ ఆండ్రోజన్ రిసెప్టర్ చూపవు, మయోఎపిథీలియల్ రకంలో (నాళాల వెలుపలి వరుస కణాల్లాంటి వాటితో ఏర్పడేది) అది సాధారణంగా కనిపించదు.

అందువల్ల గడ్డలో ఎంత భాగాన్ని పరీక్షకు తీసుకున్నారో, మచ్చలాంటి చోట్ల నుంచి ముక్కలు తీశారో లేదో, కణాలు గడ్డ పొరను దాటాయో లేదో ముందుగా అడగండి. పొర దాటని క్యాన్సర్ చాలావరకు అడినోమాలాగే నెమ్మదిగా ఉంటుంది, చుట్టుపక్కలకు విస్తరించినది ప్రమాదకరం. విస్తరించినదని తేలితే హెర్2 (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్), ఆండ్రోజన్ రిసెప్టర్ ఫలితాలు మందుల ఎంపికకు కూడా పనికివస్తాయి. పారఫిన్ బ్లాకులను (మైనంలో భద్రపరచిన గడ్డ ముక్కలను), స్లైడ్లను ఆసుపత్రి నుంచి తీసుకుని, తల-మెడ గడ్డలను తరచుగా చూసే మరో పాథాలజిస్టుకు చూపించండి.