సమాచారానికి ఒక యజమాని, ఒక గడువు

అమ్మాయీ,

మీ సంస్థలో సమాచార నిర్వహణ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. అప్పుడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు డెమో చూపిస్తామని వెంటపడుతున్నాయని రాశావు. ఆరు నెలలాగి రమ్మను. ఏ సమాచారం ఎక్కడుందో, ఎవరిదో, ఎప్పటిదాకా ఉంచాలో తేలని చోట సాఫ్ట్‌వేర్ తెచ్చిపెడితే పాత గందరగోళానికి కొత్త లాగిన్ వస్తుంది, అంతే.

ముందు ఆ వివరాలన్నిటికీ ఒక పట్టిక తయారుచెయ్యి. సంస్థ మొత్తానికీ ఒకేసారి మొదలుపెట్టకు, ఏడాదైనా తెమలదు. జీతాల విభాగం ఒక్కటి తీసుకో. వ్యక్తిగత వివరాలు, డబ్బు, చట్టం మూడూ అక్కడ కలుస్తాయి కాబట్టి చిక్కులన్నీ అక్కడే బయటపడతాయి. వెళ్లి "మీ దగ్గర ఏ ఫైళ్లున్నాయి?" అని అడిగితే ఉండాల్సినవి చెబుతారు, ఉన్నవి చెప్పరు. "పోయిన నెల జీతాలు మొదటి నుంచి చివరిదాకా ఎలా వేశారో చూపించండి" అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. హాజరు సిస్టమ్ నుంచి దింపుకుంటారు, ఎక్సెల్‌లో సవరిస్తారు, ఆ షీటు ఇంకొకరికి మెయిల్ చేస్తారు, వాళ్లు డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటారు, మేనేజరు ఆమోదం వాట్సాప్‌లో వస్తుంది. చివరికి ఫోల్డర్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని మూడు ఫైళ్లు కనిపిస్తాయి. ఏది చూసి డబ్బు వేశారో అడిగి, ఆ ఒక్కదాన్నే అసలు ప్రతిగా రాసుకో. మిగతావి నకళ్లు.

పట్టికకు ఎనిమిది గడులు చాలు: సమాచారం పేరు, యజమాని, అసలు ప్రతి ఉన్న చోటు, నకళ్లున్న చోట్లు, ఎవరెవరు చూడొచ్చు, గడువు ఎప్పటి నుంచి మొదలవుతుంది, ఎంతకాలం, చివర ఎలా తొలగించాలి. ఇంతకంటే పెంచితే ఎవరూ నింపరు.

యజమాని గడిలో మనిషి పేరు కాకుండా పదవి రాయి. మనిషి మారితే పట్టిక చచ్చిపోకూడదు. "ఐటీ విభాగం" అని మాత్రం రానివ్వకు. ఐటీ వాళ్లు కాపలాదారులు. జీతాల జాబితాలో తప్పుందో లేదో, ఎవరికి చూపించాలో వాళ్లకేం తెలుసు? రెండు విభాగాల పేర్లు కలిపి రాస్తామంటారు, అదీ వద్దు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు తయారవుతుంది.

గోప్యతకు మూడు స్థాయిలు, మహా అయితే నాలుగు. ఆరేడు పెడితే జనం ఆలోచించడం మానేసి అన్నిటికీ "అతి రహస్యం" ముద్ర కొడతారు. అప్పుడు నిజంగా రహస్యమైనదేదో ఎవరికీ తెలియదు.

ఇక గడువు దగ్గరికి వస్తాను. ఈ పని అంతా నిలిచేదీ కూలేదీ ఇక్కడే. "ఒప్పందాలు 7 ఏళ్లు" అని రాసి వదిలేస్తుంటారు. ఎప్పటి నుంచి 7? 2015లో సంతకమై 2022లో ముగిసిన ఒప్పందాన్ని సంతకం తేదీ నుంచి లెక్కిస్తే, వివాదం మొదలయ్యే వేళకే కాగితం మాయమవుతుంది. ముగిసిన తేదీ నుంచి అయితే 2029 దాకా ఉంటుంది. కాబట్టి ప్రతి గడువు పక్కనా దాన్ని మొదలుపెట్టే సంఘటన ఉండాలి: ఉద్యోగం మానిన రోజు, ఖాతా మూసిన రోజు, ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు. నేను రాసిన 7 ఉదాహరణకే. మీకు వర్తించే చట్టం ఏం చెబుతుందో న్యాయ సలహాదారు దగ్గర రాతలో తీసుకో. పన్ను చట్టాలు "ఇన్నాళ్లకు తగ్గకుండా ఉంచు" అంటాయి; ఐరోపా జీడీపీఆర్ లాంటి చట్టాలు వ్యక్తిగత వివరాలను "అవసరం తీరాక ఉంచకు" అంటాయి. ఒకే ఫైలులో రెండు రకాలూ ఉంటే విడదీయక తప్పదు.

తొలగించేముందు నెల రోజుల గడువిచ్చి జాబితాను యజమానికి పంపు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు అనుకోవద్దు, పై అధికారికి పంపు. తొలగించాక చిట్టాలో ఏది, ఎప్పుడు, ఏ నియమం కింద, ఎవరి ఆమోదంతో అన్నవి రాయాలి. జాగ్రత్తగా ఉందాం అనుకుని, తొలగించిన ఫైళ్లలోని మనుషుల పేర్లూ వివరాలూ ఆ చిట్టాలోనే ఎక్కించేవాళ్లున్నారు! అలా చేస్తే తొలగించిందేముంది? ఫైలు నంబరు చాలు.

దావా గానీ విచారణ గానీ వస్తుందని తెలిసిన క్షణం నుంచి దానికి సంబంధించిన తొలగింపులన్నీ ఆగిపోవాలి. ఆపమనే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టు. 2001 అక్టోబరులో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ లెక్కల మోసం బయటపడుతున్న రోజుల్లో దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ సంస్థలో "పత్రాల విధానం పాటించండి" అని ఉద్యోగులకు గుర్తుచేశారు, కాగితాలు ముక్కలయ్యాయి. 2002లో నేరం రుజువైందన్నారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది గానీ అప్పటికే ఆడిట్ వ్యాపారం పోయింది. విధానం లేక కాదు. దాన్ని ఏ రోజు గుర్తుచేశారన్నదే కొంప ముంచింది. నెలనెలా క్రమంగా తొలగించే సంస్థను ఎవరూ అనుమానించరు.

బ్యాకప్‌ల సంగతి చాలామంది మరిచిపోతారు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం ఇప్పటికీ మంచిదే. అయితే సర్వర్‌లో తొలగించినది బ్యాకప్‌లో బతికే ఉంటుంది. సర్వర్ కూలి పాత బ్యాకప్ తెచ్చిపెట్టిన రోజున, మీరు తొలగించినవన్నీ తిరిగి వచ్చి కూర్చుంటాయి. అందుకే తొలగింపు చిట్టా ఆ సర్వర్‌లో కాకుండా వేరే చోట ఉండాలి. పునరుద్ధరణ అయ్యాక దాన్ని చూసి మళ్లీ తొలగించాలి. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను వేరే చోటికి తిరిగి తెప్పించి, ఫైళ్లు తెరిచి చూడు. "బ్యాకప్ విజయవంతం" అన్న మెయిల్‌ను నమ్మకు.

చూసే అనుమతుల్లో, ఉద్యోగం మానేసినవాళ్ల కంటే విభాగం మారినవాళ్లతోనే పేచీ ఎక్కువ. మానేసినవాళ్ల ఖాతా ఎవరో ఒకరు మూస్తారు. విభాగం మారినవాళ్లకు కొత్త అనుమతులు వస్తాయి, పాతవి పోవు. మూడు నెలలకోసారి యజమానికి పేర్ల జాబితా ఇచ్చి టిక్కు పెట్టించు. "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అన్న షేరింగ్‌ను డిఫాల్ట్‌గా మూసేయించు, ఇచ్చిన లింకులకు గడువు తేదీ పెట్టించు.

సమాచారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు పంపిన వరుసలెన్ని, అందినవెన్ని అని సరిచూసే అలవాటు చేయించు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో షీటుకు 65,536 వరుసలే పడతాయి. దాదాపు 16 వేల పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజే తెలిసేది.

ఫైలు పేర్ల ముందు తేదీని 2024-03-15 పద్ధతిలో పెట్టించు, వరుస దానంతటదే కుదురుతుంది. పదేళ్లు దాటి ఉంచాల్సిన పత్రాలకు పీడీఎఫ్-ఎ వాడండి, అది చాలాకాలం దాచడానికే చేసిన పీడీఎఫ్ రకం. ఫాంట్లు ఫైలులోనే ఉంటాయి కాబట్టి ఎప్పుడు తెరిచినా అక్షరాలు చెదరవు.

దీనివల్ల లాభమేమిటని పైవాళ్లు అడుగుతారు. సూత్రాలు చెప్పకు. ఒక పాత ఉద్యోగి తన వివరాలన్నీ ఇమ్మని అడిగితే ఎంతసేపట్లో ఇవ్వగలరో చేసి చూపించు. జీడీపీఆర్ కింద దానికి నెల గడువు. వివరాలు బయటికి పొక్కాయని తెలిసినప్పటి నుంచి నియంత్రణ సంస్థకు తెలపడానికి 72 గంటలే. ఏవేవి, ఎంతమందివి పోయాయో ఆలోపు చెప్పడానికి పట్టిక ఉండి తీరాలి. పట్టికకు ముందు ఎంత సమయం పట్టిందో, తర్వాత ఎంతో రాసిపెట్టుకో. వచ్చే ఏడాది బడ్జెట్ అడగడానికి అదే నీ ఆధారం.

జీతాల విభాగం పట్టిక పూర్తయ్యాక ఉద్యోగుల పేర్లు లేకుండా నాకు పంపు. "గడువు ఎప్పటి నుంచి" అన్న గడే ముందు చూస్తాను. తేలనివి ఖాళీగా వదిలెయ్యి, ఊహించి నింపకు.

ఆశీస్సులతో,
బాబాయి