దవాఖానల మీద ప్రశ్న వేయబోతున్న అమ్మాయికి

అమ్మా,

వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో దవాఖానల మీద ప్రశ్న ఇస్తున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన డ్రాఫ్టు చూశాను. "రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్ల కొరత ఉన్న మాట వాస్తవమేనా? అయినచో ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" అసెంబ్లీ ప్రశ్నల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని కాబట్టి, దీనికి జవాబు ఎలా వస్తుందో నాకు ఇప్పుడే తెలుసు. (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. అక్కడితో సరి.

ముందు ఆ 'కొరత' అనే మాట తీసెయ్. కొరత ఉందా అని అడిగితే ఉందని ఏ మంత్రీ ఒప్పుకోడు. అంకెలు అడుగు. ఫలానా ఆసుపత్రిలో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, అందులో డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నవారెందరు. ఈ మూడోది అసలు మరిచిపోకు. కాగితం మీద పోస్టు నిండే ఉంటుంది, జీతం ఇక్కడే పడుతుంది, మనిషి మాత్రం ఇంకెక్కడో ఉంటాడు. విభాగాలవారీగా అడుగు. మత్తు డాక్టర్ లేకపోతే సర్జన్లు నలుగురున్నా ఆపరేషన్ జరగదు. మొత్తం అంకె మాత్రమే అడిగితే ఈ సంగతి బయటికి రాదు. దాటిపోయిన తేదీ ఒకటి పెట్టి, ఆ రోజు నాటికి పరిస్థితి చెప్పమను. లేకపోతే నీ నోటీసు చూసి రాత్రికి రాత్రి నలుగురిని సర్దేస్తారు.

ఎవరి కింద ఏముందో తెలుసుకుని అడుగు. ఉస్మానియా, గాంధీ, నిలోఫర్ డీఎంఈ, అంటే వైద్య విద్యా సంచాలకుల కిందికి వస్తాయి. ఏరియా ఆసుపత్రులకు వైద్య విధాన పరిషత్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ప్రజారోగ్య సంచాలకుల కార్యాలయం. జిల్లాల్లో మెడికల్ కాలేజీలు వచ్చాక చాలా జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులై డీఎంఈ చేతికి వెళ్లాయి. మందుల కొనుగోలు, భవనాల పని టీజీఎంఎస్ఐడీసీది, అంటే రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థది. అన్నీ ఒకే ప్రశ్నలో కుక్కితే 'సమాచారం సేకరిస్తున్నాం' అంటారు. ఆ మాటలో అబద్ధం కూడా ఉండదు. సేకరించేలోపు సమావేశాలు అయిపోతాయి.

ఉస్మానియా గురించి తప్పకుండా అడగాలని రాశావు. మంచిదే. కానీ కొత్త భవనం ఎప్పుడు పూర్తవుతుందని అడగకు, 'పనులు పురోగతిలో ఉన్నాయి' అంటారు. 2020 జులైలో పాత భవనంలోకి నీళ్లొచ్చాక ఆ బ్లాకు ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్తదానికి శంకుస్థాపన 2025 జనవరి 31న జరిగింది. ఈ రెంటికీ మధ్య నాలుగున్నరేళ్లు. ఆ కాలమంతా, ఇప్పుడు కూడా, అఫ్జల్‌గంజ్‌కు వచ్చే రోగి ఎక్కడ పడుకుంటున్నాడన్నదే అసలు సంగతి. మంజూరైన పడకలెన్ని, ఈ రోజు వాడకంలో ఉన్నవెన్ని, ఏ విభాగం ఏ బ్లాకులో నడుస్తోంది, కొత్త భవనానికి ఒప్పందంలో రాసుకున్న గడువు తేదీ ఏది, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులెంత. గడువు తేదీ ఒక్కసారి సభ రికార్డులోకి ఎక్కిందంటే చాలు, తర్వాతి సమావేశాల్లో దాన్నే పట్టుకుని మళ్లీ అడగొచ్చు.

ఆరోగ్యశ్రీ కూడా అంతే. 2007లో మొదలైనప్పుడు కుటుంబానికి 2 లక్షలు, తర్వాత 5, 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు. పరిమితి పెంచామని చెప్పుకోవడం ఏ పార్టీకైనా సులువే. 5 లక్షలు దాటి నిజంగా వాడుకున్న కుటుంబాలెన్ని అని అడుగు. ఆసుపత్రులు పెట్టిన బిల్లులెంత, ఆమోదించినవెంత, చెల్లించినవెంత, బాకీ ఎన్ని నెలలది. బాకీలు పేరుకున్నప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి, రోగి కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు.

బడ్జెట్ పుస్తకంలో కేటాయింపు చూసి ఆగిపోకు. పక్కనే సవరించిన అంచనా ఉంటుంది, అంతకుముందు ఏడాది వాస్తవ ఖర్చు ఉంటుంది. ఆ కాలమ్‌లు చూడకుండా పద్దుల మీద మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను. రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. మన శాతం ఎంతో నువ్వే లెక్కకట్టుకుని వెళ్లు, మంత్రిగారిని అడిగి తెలుసుకోవాల్సినది కాదది.

స్టార్ ప్రశ్న కోసమే పట్టుబట్టకు. నోటి జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్న వేయొచ్చు, టీవీలో కనిపిస్తావు, నిజమే. కానీ గొడవల్లో, వాకౌట్లలో ప్రశ్నోత్తరాల గంట ఇట్టే కరిగిపోతుంది, నీ వంతే రాకపోవచ్చు. అంకెలు కావాలంటే స్టార్ లేని ప్రశ్నే నయం, జవాబు రాతపూర్వకంగా వస్తుంది. నోటి జవాబు దొరికిన రోజు మాత్రం అనుబంధ ప్రశ్న ఒక్క వాక్యంలో ముగించు. "అధ్యక్షా, మొత్తం ఇంతమంది అన్నారు, అందులో డిప్యుటేషన్ ఎందరు?" అని అడిగి కూర్చో. ఉపన్యాసం మొదలుపెట్టావో మైకు కట్ అవుతుంది, మంత్రిగారూ హాయిగా ఉపన్యాసమే ఇస్తారు. కేంద్రం నిధులివ్వలేదన్న మాట వస్తే కంగారు పడకు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా కిందే ఉన్నాయి. డబ్బుల సంగతి ఎలా ఉన్నా, ఖాళీ పోస్టుకు ఢిల్లీని చూపించడం కుదరదు.

సభకు వెళ్లేముందు నీ ఏరియా ఆసుపత్రికీ, ఒకటి రెండు బస్తీ దవాఖానలకూ వెళ్లు. కెమెరాలు వద్దు. ఈ ఆకస్మిక తనిఖీల పేరుతో డ్యూటీ డాక్టర్‌ను అందరి ముందూ కడిగేయడం నాకు మొదటినుంచీ గిట్టదు. పొద్దున ఓపీ చీటీల లైన్లో నిలబడు, తర్వాత మందుల కౌంటర్ దగ్గర కాసేపు ఉండు. 'బయట కొనుక్కోండి' అని ఏ మందుకు చెబుతున్నారో రాసుకో. ఆ మందుల పేర్లతో ఫలానా తేదీన నిల్వ ఎంత అని ప్రశ్న వెయ్. రోగుల పేర్లు, రిపోర్టులు, ఫొటోలు మాత్రం సభలో చూపించకు, వాళ్ల అనుమతి ఉన్నా సరే.

'రెండు నెలల్లో భర్తీ చేస్తాం' లాంటి మాట మంత్రిగారి నోట వస్తే తేదీతో సహా రాసుకో. సభలో ఇచ్చిన మాట అమలైందా అని చూసే హామీల కమిటీకి రాయడానికి అదే ఆధారం. జవాబు కాపీ ఒకటి మీ ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశంలో సూపరింటెండెంట్‌కు కూడా ఇవ్వు. అందులో తప్పుంటే ముందుగా పట్టుకునేది ఆయనే.

డ్రాఫ్టు మార్చి శుక్రవారంలోపు పంపు. నోటీసు గడువు దగ్గర పడితే నేనైనా చేసేదేమీ లేదు.

మీ చిన్నాయన
విద్యానగర్, హైదరాబాద్